వేరు కాలువలో ఎర్రని వెలుతురు: రెండోసారి చేసే రూట్ కెనాల్‌కు అది ఎంతవరకు సాయం

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ఇది. నెల్లూరులో ఉండే మీ అమ్మగారికి 58 ఏళ్లు, పదేళ్లుగా షుగరు ఉంది. ఆరేళ్ల క్రితం కింది దవడలో కుడివైపు మొదటి దవడ పంటికి రూట్ కెనాల్ చేయించారు గానీ దాని మీద క్యాప్ వేయించలేదు. రెండు నెలలుగా ఆ పంటి పక్క చిగురు మీద చిన్న పొక్కు లేస్తూ, పగిలి చీము కారుతూ, మళ్లీ లేస్తూ ఉంది. మీరు ఆవిడను పెరంబూరులోని మీ ఇంటికి తీసుకొచ్చి ఇక్కడి డాక్టరుకు చూపిస్తే, పాత పదార్థమంతా తీసి మళ్లీ శుభ్రం చేయాలని, చివర్లో నీలి మందు నింపి సన్నని తీగతో ఎర్రటి కాంతి పంపి మిగిలిన క్రిములను చంపుతామని, దానికి 3,000 రూపాయలు అదనమని చెప్పారు. ఇది లేజరేనా, నిజంగా పనిచేస్తుందా, షుగరు ఉన్న మనిషికి ప్రమాదమేమైనా ఉందా, ఆ డబ్బు పెట్టడం అవసరమా అన్నవి మీ సందేహాలు.

నేను చెన్నైలో ఇరవై రెండేళ్లుగా వేరు చికిత్సలే ప్రధానంగా చేస్తున్న దంతవైద్యుణ్ణి. ఆ కాంతి పరికరం నా దగ్గరా ఉంది, ఏడెనిమిదేళ్లుగా కొన్ని పళ్లకు వాడుతున్నాను, చాలా పళ్లకు వాడను. ఆ పద్ధతి మోసం కాదు, దాని వెనక నూరేళ్లు దాటిన శాస్త్రం ఉంది. అయితే అది మామూలు శుభ్రతకు బదులుగా నిలబడేది కాదు, ఆ శుభ్రత అంతా సక్రమంగా జరిగాక చివర కలిపే ఒక అంచె మాత్రమే. అంతకుముందు జరగవలసినవి జరగని పంటిలో ఎంత వెలుతురు పోసినా ఫలితం ఉండదు. అలా ఎందుకు అంటున్నానో వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే మీ డాక్టరును ఏమడగాలో మీకే తోస్తుంది.

వేరు చివర ఎముకలో చీము పట్టడానికి కారణం క్రిములేనని తిరుగులేకుండా తేలింది 1965లో. అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు పరిశోధకులు మామూలు ఎలుకల పళ్లకూ, పుట్టినప్పటి నుంచి ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకల పళ్లకూ ఒకే విధంగా రంధ్రం చేసి లోపలి గుజ్జును నోటికి తెరిచి వదిలేశారు. మామూలు ఎలుకల పళ్లలో గుజ్జు చచ్చి చీము పట్టింది. క్రిములు లేని ఎలుకల్లో మాత్రం ఆహారం ఇరుక్కున్నా గుజ్జు బతికే ఉంది, గాయం మీద కొత్త డెంటిన్ (గుజ్జు చుట్టూ ఉండే గట్టి పంటి పదార్థం) పొర కూడా కట్టింది. అప్పటి నుంచి మా వృత్తి అంతా ఒకే పని చుట్టూ తిరుగుతోంది: కాలువలోని క్రిములను, శరీరం తనంతట తాను మాన్పుకోగలిగేటంత తక్కువ సంఖ్యకు దించడం.

చెప్పినంత తేలిక కాదది. వేరు కాలువ అనగానే చాలామంది నిలువుగా ఉన్న గొట్టాన్ని ఊహించుకుంటారు. నిజానికి అది చెట్టు వేరులాగే పక్కలకు చీలుతుంది, రెండు కాలువల మధ్య సన్నని పగులు వంటి దారి ఉంటుంది, చివరకు చేరేసరికి ఏటిపాయల్లా విడిపోతుంది. కాలువను గీకి శుభ్రం చేయడానికి మేము లోపల తిప్పే ఫైళ్లు అనే సన్నని సూదుల వంటి పరికరాలు గుండ్రంగా తిరుగుతాయి, కాలువ గుండ్రంగా ఉండదు. 2001లో పీటర్స్ బృందం సూక్ష్మ సీటీ స్కాన్‌తో కొలిచి చూస్తే, ఎంత మంచి ఫైళ్లు వాడినా కాలువ గోడలో 35 శాతం లేదా అంతకన్నా ఎక్కువ భాగాన్ని పరికరం తాకనే లేదని తేలింది. పైగా గోడ కూడా గట్టి గోడ కాదు. డెంటిన్ నిండా కంటికి కనపడని సూక్ష్మనాళికలు చదరపు మిల్లీమీటరుకు పదుల వేల సంఖ్యలో ఉంటాయి. గుజ్జు వైపు వాటి వెడల్పు రెండున్నర మైక్రోమీటర్ల దాకా ఉంటుంది, బ్యాక్టీరియా వెడల్పు ఒక మైక్రోమీటరు లోపే. అంటే క్రిములకు ఆ గోడ తలుపులు తీసిన సత్రం లాంటిది.

మొదటిసారి చెడిపోయిన పంటిలో రకరకాల క్రిములు కలిసి ఉంటాయి, గాలి పొడ గిట్టనివే వాటిలో ఎక్కువ. ఒకసారి చికిత్స జరిగి మళ్లీ చెడిన పంటిలో మాత్రం తరచుగా పట్టుబడేది ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా. ఇది తిండి లేకపోయినా నెలల తరబడి ఓపిక పట్టగలదు, నాళికల్లోకి లోతుగా చొరబడగలదు. సందర్శనల మధ్య మేము కాలువలో పెట్టే కాల్షియం హైడ్రాక్సైడ్ క్షారానికి కూడా, తన కణంలోకి ఆమ్లాన్ని పంపు చేసుకుని తట్టుకోగలదు. పైగా ఇవి విడివిడిగా తేలుతూ ఉండవు, తమ చుట్టూ తామే అల్లుకున్న జిగురు పొరలో గుంపుగా గోడకు అంటుకుని ఉంటాయి. ఆ పొరనే బయోఫిల్మ్ అంటారు. ఇక మాత్రలతో తగ్గించవచ్చు కదా అంటారా, మీ అమ్మగారు ఈపాటికి అమాక్సిసిలిన్ రెండు మూడు విడతలు వాడే ఉంటారని నా ఊహ. మాత్ర మింగితే మందు రక్తంతో ప్రయాణిస్తుంది. గుజ్జు లేని కాలువకు రక్తప్రసారమే లేదు, కాబట్టి మందు అక్కడికి చేరే దారి లేదు. వాపు తగ్గినట్టు కనిపిస్తుంది, మూలం అలాగే ఉంటుంది, పొక్కు మళ్లీ లేస్తుంది.

ఇలాంటి చోట ఈనాటికీ ప్రధాన ఆయుధం సోడియం హైపోక్లోరైటే. సూటిగా చెప్పాలంటే బట్టల తెలుపు కోసం వాడే బ్లీచింగ్ ద్రావణానికి వైద్య రూపం. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గాయాలు కడగడానికి రసాయన శాస్త్రవేత్త హెన్రీ డాకిన్ అర శాతం ద్రావణాన్ని ప్రచారంలోకి తెచ్చాడు, మేము అర శాతం నుంచి ఆరు శాతం దాకా వాడతాం. అది క్రిములను చంపడమే కాదు, చచ్చిన గుజ్జు ముక్కలను, జిగురు పొరను కరిగిస్తుంది. కరిగించే గుణం ఇంకే మందుకూ ఈ స్థాయిలో లేదు, కాంతికైతే అసలే లేదు. తరవాత 17 శాతం ఇ.డి.టి.ఎ. ద్రావణంతో, ఫైళ్లు రాసుకున్నప్పుడు గోడ మీద మెత్తిన పొడి పొరను తొలగించి నాళికల నోళ్లు తెరుస్తాం. ఇక్కడ ఒక పక్కమాట. హైపోక్లోరైట్ ఎండకూ వేడికీ బలం కోల్పోతుంది. చెన్నై మే నెల వేడిలో కిటికీ పక్కన నెలల తరబడి పెట్టిన సీసా మీద అయిదు శాతం అని రాసి ఉన్నా, లోపల ఉన్నది అంత ఉంటుందని నేను నమ్మను. మా క్లినిక్‌లో చిన్న సీసాలు కొని, నల్ల కాగితం చుట్టి ఫ్రిజ్‌లో పెడతాం. ఖరీదైన లేజర్ పక్కన వెలిసిపోయిన హైపోక్లోరైట్ సీసా పెట్టుకుంటే రోగికి ఏ లాభమూ లేదు.

హైపోక్లోరైట్‌కు ఉన్న లోపం దాని బలంలోనే ఉంది. వేరు కొన దాటి బయటికి తోస్తే కణజాలాన్ని కాల్చి, తీవ్రమైన నొప్పి, వాపు తెస్తుంది. అందుకని కొన దగ్గర దాన్ని ఒత్తిడి లేకుండా, మెల్లగా వాడాలి. ఫలితంగా కొన భాగంలోనూ నాళికల లోతులోనూ కొన్ని క్రిములు బతికి బయటపడతాయి. కాంతి పద్ధతికి చోటు దొరికింది అక్కడే.

కాంతితో క్రిములను చంపవచ్చన్న విషయం ఒక విద్యార్థి గమనికతో మొదలైంది. 1900 ప్రాంతంలో మ్యూనిక్‌లో హెర్మన్ ఫాన్ టాపైనర్ దగ్గర చదువుకుంటున్న ఆస్కార్ రాబ్, ఆక్రిడిన్ అనే రంగు పదార్థం పారమీషియం అనే ఏకకణ జీవుల మీద ఎంత విషమో కొలుస్తున్నాడు. ఒకే మోతాదుకు ఒక రోజు త్వరగా చస్తున్నాయి, ఇంకో రోజు చాలాసేపు బతుకుతున్నాయి. తేడా ఎక్కడుందని వెతికితే, ఒక రోజు ఉరుములతో మబ్బు పట్టి గదిలో వెలుతురు తక్కువగా ఉందని తెలిసింది. రంగు ఒక్కటే చంపదు, వెలుతురు ఒక్కటే చంపదు, రెండూ కలిస్తే చంపుతాయి. కొద్ది కాలానికే ఆక్సిజన్ కూడా ఉండి తీరాలని ఫాన్ టాపైనర్ బృందం తేల్చింది, ఈ ప్రభావానికి ఫోటోడైనమిక్ అనే పేరు కూడా ఆయన పెట్టిందే. 1903లో నోబెల్ బహుమతి పొందిన నీల్స్ ఫిన్సెన్ చర్మ క్షయకు చేసిన కాంతి చికిత్స వేరు, అందులో రంగు లేదు. ఈ రెంటినీ కలిపి చెప్పేవారు చాలామంది ఉన్నారు గనుక ప్రత్యేకించి చెబుతున్నాను.

మీ డాక్టరు నీలి మందు అన్నది చాలావరకు మెథిలీన్ బ్లూ గానీ, దాని చెల్లెలు వంటి టోలుయిడిన్ బ్లూ గానీ అయి ఉంటుంది. మెథిలీన్ బ్లూ 1876లో బట్టల అద్దకం కోసం పుట్టింది, 1891లో పాల్ ఎర్లిష్ దాన్ని మలేరియా రోగుల మీద ప్రయత్నించాడు. వైద్య విద్యార్థులందరూ గాజుపలక మీద క్రిములను చూడటానికి వాడే రంగు కూడా అదే. క్రిమి కంటికి కనిపించడానికి ఏ రంగు దాన్ని పట్టుకుంటుందో, ఇక్కడ అదే రంగు దాన్ని చంపడానికి పట్టుకుంటుంది. ఆ అణువుకు ధనావేశం ఉంటుంది, బ్యాక్టీరియా పై పొరకు ఋణావేశం ఉంటుంది, కాబట్టి వాటికవే అతుక్కుంటాయి. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లు ఆ సిరంజిని చూసి తెల్ల బట్టలకు పెట్టే నీలా అని నవ్వుతూ అడుగుతారు. అది కాదని చెప్పినా, రంగు మాత్రం అంత గట్టిగానూ పడుతుందని ఒప్పుకోక తప్పదు.

రంగు పట్టిన క్రిమి మీద సరైన తరంగదైర్ఘ్యం గల కాంతి పడినప్పుడు ఏం జరుగుతుందంటే, మెథిలీన్ బ్లూకు 660 నానోమీటర్ల చుట్టుపక్కల, టోలుయిడిన్ బ్లూకు 630 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే ఎర్రని కాంతిని ఆ అణువు పీల్చుకుని శక్తి పుంజుకుంటుంది. ఆ శక్తిని ఎక్కువసేపు దాచుకోలేక పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా శక్తి పొందిన ఆక్సిజన్‌ను సింగ్లెట్ ఆక్సిజన్ అంటారు. కొంత శక్తి వేరే దారిన పోయి సూపరాక్సైడ్, హైడ్రాక్సిల్ వంటి చురుకైన రూపాలను పుట్టిస్తుంది. ఇవి క్రిమి పొరనూ, మాంసకృత్తులనూ, డీఎన్‌ఏనూ ఏకకాలంలో దెబ్బతీస్తాయి. యాంటీబయాటిక్ సాధారణంగా ఒక తాళాన్నే తెరుస్తుంది, క్రిమి ఆ తాళం మార్చుకుంటే మందు పనిచేయదు. ఇక్కడ దెబ్బ అన్ని వైపుల నుంచీ పడుతుంది గనుక మందుకు లొంగని రకాలు పుట్టే అవకాశం చాలా తక్కువ. నన్ను ఈ పద్ధతి వైపు ఆకర్షించింది ఆ గుణమే.

అయితే సింగ్లెట్ ఆక్సిజన్ ఆయుష్షు నీటిలో సెకనులో పది లక్షల వంతుల్లో మూడు నాలుగు మాత్రమే. ఆ కాలంలో అది పోగల దూరం ఒక మైక్రోమీటరు కూడా ఉండదు. అంటే అది పుట్టిన చోటే పనిచేస్తుంది, వెతుక్కుంటూ వెళ్లి క్రిమిని పట్టుకోదు. మనిషి కణాలకు పెద్ద హాని లేకపోవడానికి కారణం ఇదే, వేరు కాలువలో ఈ పద్ధతి తడబడటానికి కారణమూ ఇదే. రంగు, కాంతి, ఆక్సిజన్ మూడూ ఒకే బిందువులో, ఒకే క్షణంలో కలవాలి. క్రిములు దాగిన చోట ఆ మూడూ కలవడమే కష్టం.

రంగు సంగతి చూడండి. బయోఫిల్మ్ జిగురులోకి అది మెల్లగా ఇంకుతుంది, అందుకే నింపాక ఒకటి నుంచి అయిదు నిమిషాలు ఆగి కాంతి వేయాలి. చిక్కగా ఉంటే ఎక్కువ పనిచేస్తుందనుకుని గాఢంగా వాడితే, పైనున్న రంగే కాంతిని మింగేసి అడుగున ఉన్న క్రిములకు నీడ పడుతుంది. కాంతి విషయానికి వస్తే, ఎర్రని కాంతి డెంటిన్‌లోకి కొంత దూరం పోగలదు గానీ, వంగిన కాలువలో కాంతితీగ చివరి దాకా దిగదు, కొన్ని తీగలు కొన నుంచి ముందుకే వెలుగు చిమ్ముతాయి తప్ప పక్క గోడలకు పంచవు. ఆక్సిజన్ పరిస్థితి ఇంకా ఇరుకు. కాలువ లోపల అది మొదటే తక్కువ, కాంతి పడ్డ కొద్దిసేపటికే ఉన్నదీ ఖర్చవుతుంది. అందుకే కొందరు ఏకబిగిన కాకుండా ఆపి ఆపి కాంతి వేస్తారు, నేనూ అలాగే చేస్తాను. మొదట సింగపూర్‌లో, తరవాత టొరంటోలో పనిచేసిన అనిల్ కిషెన్ బృందం ఈ ఇబ్బందినే పట్టుకుని, మెథిలీన్ బ్లూను ఉత్త నీటిలో కాకుండా గ్లిసరాల్, ఇథనాల్ కలిపిన ద్రవంలో కరిగించి, ఆక్సిజన్‌ను మోసే పదార్థాన్ని తోడుచేసి పరీక్షించింది. నాళికల్లోకి రంగు మరింత దిగింది, క్రిములు మరింత చచ్చాయి. నాకు ఆ పరిశోధనలు నచ్చడానికి కారణం, అవి క్రిమి బలం గురించి కాకుండా కాలువ ఇరుకు గురించి ఆలోచించాయి.

నా సొంత పొరపాటు ఒకటి చెప్పడం ఇక్కడ అవసరం. పరికరం కొత్తగా తెచ్చుకున్న నెలల్లో, ఒక పై పంటి కాలువను హైపోక్లోరైట్‌తో కడిగి, సరిగా ఆరబెట్టకుండానే మెథిలీన్ బ్లూ నింపాను. రెండు నిమిషాలు ఆగి మైక్రోస్కోప్‌లో చూస్తే ముదురు నీలం కాస్తా వెలిసిపోయి ఉంది. హైపోక్లోరైట్ రంగును ఆక్సీకరించి నాశనం చేస్తుందని పుస్తకంలో చదివినవాణ్ణే, చేతిలో పడ్డాక మరిచిపోయాను. ఆ రంగు లేని నీళ్ల మీద నేను ఎంత కాంతి పోసినా దండగే. అంతకుముందు చేసిన కొన్ని పళ్లలో కూడా ఇలాగే జరిగి ఉంటుందన్న అనుమానం నన్ను చాలా రోజులు వేధించింది. అప్పటి నుంచి వరస మార్చను: హైపోక్లోరైట్, తరవాత ఇ.డి.టి.ఎ., తరవాత సెలైన్‌తో బాగా కడగడం, కాగితపు పుల్లలతో తడి తీయడం, ఆ తరవాతే రంగు, విరామం, కాంతి. చివర మళ్లీ హైపోక్లోరైట్‌తో కడిగితే, మొదట శత్రువైన ఆ గుణమే ఇప్పుడు ఉపకారమై మిగిలిన నీలాన్ని తొలగిస్తుంది. రక్తం, చీము ఉన్న కాలువలో కూడా రంగు మాంసకృత్తులకు అంటుకుని వృథా అవుతుంది. అందువల్ల చీము కారుతున్న మొదటి రోజు కాంతి వేయడం కంటే, కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి, ఒకటి రెండు వారాలకు కాలువ పొడిగా అయ్యాక వేయడం మేలు. నెల్లూరు నుంచి రైల్లో వచ్చిపోయే రోగులు ఒకే రోజులో అన్నీ ముగించమని అడుగుతారు, వారి కష్టం నాకు తెలుసు, అయినా చీము ఆగని పంటిలో తొందరపడను.

ఇక లేజరేనా అన్న ప్రశ్న. కాంతి లేజర్ నుంచి రావచ్చు, ఎల్‌ఈడీ నుంచి కూడా రావచ్చు. అయితే ఊళ్లో బోర్డుల మీద లేజర్ రూట్ కెనాల్ అని రాసేది సాధారణంగా వేరే సంగతి. 810, 980 నానోమీటర్ల డయోడ్ లేజర్లను ఎక్కువ శక్తితో వాడినప్పుడు అవి వేడితో చంపుతాయి. 2,940 నానోమీటర్ల ఎర్బియం యాగ్ లేజర్ ద్రావణంలో బుడగలు లేపి, ఆ కుదుపుతో మందును మూలమూలలకు తోస్తుంది. మీ డాక్టరు చెప్పినది వేడి లేని, రంగుతో కూడిన పద్ధతి. దాని కాంతి శక్తి సాధారణంగా ఒక వాట్‌లో పదో వంతు లోపే. మూడింటినీ ఒకే పేరుతో పిలిచి ఒకదాని ఫలితాలను మరొకదానికి అంటగట్టడం మంచిది కాదు. పసుపులోని కర్క్యుమిన్ కూడా నీలి కాంతి కింద ఇలాంటి పనే చేస్తుందని ప్రయోగశాలల్లో తేలింది, ఇది తెలియగానే మా బంధువుల్లో ఒకావిడ పుచ్చుపంటిలో పసుపు కూరి ఎండలో నోరు తెరుచుకుని కూర్చున్నారు. అలాంటివి వద్దని మీ అమ్మగారికి ముందే చెప్పండి, కర్క్యుమిన్ నీటిలో సరిగా కరగదు, మూసుకుపోయిన కాలువలోకి అది చేరే దారి లేదు.

పనిచేస్తుందా అంటే, గాజు పాత్రలో తేలే క్రిముల మీద ఫలితం గొప్పగా ఉంటుంది, పీకిన పళ్లలో పెంచిన బయోఫిల్మ్ మీద ఆ గొప్పతనం తగ్గుతుంది, మనుషుల పళ్లలో ఇంకొంత తగ్గుతుంది. బ్రెజిల్‌లో గార్సెజ్ బృందం 2008లో 20 మంది రోగుల మీద చేసిన పరిశీలనలో, మామూలు శుభ్రత తరవాత కాంతి కలిపినప్పుడు క్రిముల సంఖ్య ఇంకా పడిపోయింది. తరవాత వచ్చినవీ ఎక్కువగా అటువైపే మొగ్గాయి. అయితే ఈ అధ్యయనాలు చాలావరకు చిన్నవి, ఒకరి రంగు గాఢత, ఆగిన సమయం, కాంతి మోతాదు ఇంకొకరివాటితో కలవవు. పైగా కాగితపు పుల్ల పెట్టి తీసే నమూనా ప్రధాన కాలువలోదే, నాళికల్లో దాగినదాని లెక్క అందులో రాదు. క్రిములు తగ్గడం వేరు, ఏడాది రెండేళ్ల తరవాత ఎముక పూడటం వేరు. రెండోదాని మీద గట్టి రుజువులు ఇంకా పలచగానే ఉన్నాయి. నా అనుభవంలో, మళ్లీ చెడిన పళ్లలో దీన్ని కలిపినందుకు నష్టపోయినవారు లేరు, దీనివల్లే బాగుపడిందని ప్రమాణం చేసి చెప్పగలిగిన పన్ను కూడా లేదు.

ప్రమాదాల మాటకొస్తే, షుగరు ఉండటం ఈ కాంతికి అడ్డు కాదు. కళ్లకు రక్షణ అద్దాలు రోగికీ, డాక్టరుకూ, పక్కనున్న సహాయకురాలికీ ఉండాలి. పన్ను కొద్దిగా నీలిరంగు తేలవచ్చు, దవడ పంటికి అది పెద్ద సమస్య కాదు గానీ ముందు పళ్లకు ఆలోచించాలి. మెథిలీన్ బ్లూ కాలువలో వాడే పరిమాణం చుక్కల్లో ఉంటుంది కాబట్టి శరీరం మీద ప్రభావం పెద్దగా ఊహించలేం. అయినా నరానికి ఎక్కించే మోతాదులో ఇది జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్నవారికి రక్తకణాలను చిట్లిస్తుందనీ, సెరటోనిన్ పెంచే డిప్రెషన్ మందులు వాడేవారికి ప్రమాదకరమనీ తెలుసు, రెండో దాని మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో హెచ్చరిక కూడా ఇచ్చింది. మీ అమ్మగారు అలాంటి మందులు వాడుతున్నారేమో డాక్టరుకు ముందే చెప్పండి, చెప్పడానికి ఖర్చు లేదు.

ఇప్పుడు మీ అమ్మగారి పన్ను. మీరు రాసినదాంట్లో నా కంటికి ముందు తగిలింది కాంతి కాదు, క్యాప్ లేకపోవడం. రూట్ కెనాల్ ఎంత బాగా చేసినా పైన మూత సరిగా లేకపోతే లాలాజలంతో పాటు క్రిములు మళ్లీ లోపలికి దిగుతాయి. ఆ పై మూత నాణ్యత ఫలితం మీద ఎంత ప్రభావం చూపుతుందో 1995లో రే, ట్రోప్ అనే పరిశోధకులు ఎక్స్‌రేల ద్వారా చూపించారు. రెండో అనుమానం, దొరకని కాలువ. కింది మొదటి దవడ పంటిలో వెనక వేరులో రెండు కాలువలు ఉండటం మన వాళ్లలో అరుదు కాదు, మొదటిసారి ఒకదాన్నే చూసి నింపి ఉండవచ్చు. తెరవని కాలువలోకి రంగు పోదు, వెలుతురు పోదు. నా దగ్గరికి ఒకసారి, వేరే చోట రెండుసార్లు కాంతి చికిత్స జరిగినా తగ్గలేదని ఒక పై దవడ పంటితో గూడూరు నుంచి ఒకాయన వచ్చారు. మైక్రోస్కోప్ కింద నాలుగో కాలువ కనిపించింది, దాన్ని శుభ్రం చేసి మామూలు మందులతోనే ముగించాను, చీము ఆగిపోయింది. మూడోది వేరు నిలువునా పగిలి ఉండటం, అదే అయితే ఎన్ని కాంతులు వేసినా పన్ను నిలవదు, తీయించడమే దారి. క్యాప్ లేకుండా ఆరేళ్లు నమిలిన పంటిలో ఈ అనుమానం తప్పకుండా పడాలి.

కాబట్టి మీ డాక్టరును అడగవలసింది కాంతి గురించి కంటే ముందు ఇవి: పంటికి రబ్బర్ డ్యామ్ (లాలాజలం తగలకుండా పన్ను చుట్టూ బిగించే పలుచని రబ్బరు తెర) కడతారా, మొదటిసారి దొరకని కాలువ కోసం మైక్రోస్కోప్ లేదా లూప్ (కళ్లకు పెట్టుకునే భూతద్దాలు) వాడతారా, అనుమానం ఉంటే సీబీసీటీ (పంటిని మూడు కోణాల్లో చూపే స్కాన్) తీయిస్తారా, హైపోక్లోరైట్‌ను అల్ట్రాసోనిక్ కొనతో కదిలిస్తారా, ముగిశాక ఎన్ని రోజుల్లో క్యాప్ వేస్తారు. రబ్బర్ డ్యామ్ లేకుండా కాంతి మాత్రం ఉందంటే, ఆ కాంతి వేసిన మరుక్షణం లాలాజలం మళ్లీ కాలువలోకి చేరుతుంది, అక్కడ చేయించవద్దనే నా సలహా. ఇవన్నీ సరిగా ఉండి, 3,000 మీకు భారం కాకపోతే, రెండోసారి చికిత్స అన్న కారణంగా కాంతిని ఒప్పుకోండి. చేతిలో డబ్బు లెక్కగానే ఉంటే, ఆ మొత్తాన్ని సీబీసీటీకి గానీ మంచి క్యాప్‌కు గానీ మళ్లించండి, ఈ పంటికి దానివల్ల దక్కే మేలు ఎక్కువ. రెండో అభిప్రాయం కావాలనుకుంటే ఫోర్ట్ స్టేషన్ దగ్గరున్న ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో వేరు చికిత్స విభాగం ఉంది. ఉదయమే వెళ్లి చీటీ రాయించుకోవాలి, కాస్త ఓపిక పట్టాలి, ఖర్చు మాత్రం చాలా తక్కువ.

చికిత్సకు ముందు గత మూడు నెలల షుగరు సరాసరి చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి, అదుపు తప్పి ఉంటే ఎముక పూడటం ఆలస్యమవుతుంది. చికిత్స ఉదయం పూట పెట్టించుకుని, టిఫినూ మాత్రలూ మానకుండా తీసుకెళ్లండి. అంతా సరిగా జరిగితే చిగురు మీది పొక్కు కొద్ది వారాల్లో మాయమవుతుంది, ఎముక మాత్రం నెమ్మదిగా పూడుతుంది. ఆరు నెలలకూ, ఏడాదికీ ఎక్స్‌రే తీయించి పాతదానితో పోల్చాలి, పూర్తిగా తేలడానికి నాలుగేళ్ల దాకా పట్టవచ్చు, అందుకే ఇప్పటి ఎక్స్‌రేలు ఫోన్‌లో ఫోటోగా కాకుండా అసలు కాపీలే అడిగి దాచండి. ఈలోగా చెంప వాపు దవడ కిందికి దిగినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం గానీ మింగడం గానీ కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా, రాత్రయినా సరే, పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.